ఖాళీ అనే మాట

నరీన్‌లో నవంబరు.
నది అంచులు అప్పుడే గాజు కడుతున్నాయి.
ఎష్మాత్ తాత ట్రాక్టరు మీద ట్యాంకు తెచ్చి
మా షెడ్డు ముందు దొర్లించాడు.
పాత సమిష్టి క్షేత్రంలో నలభై ఏళ్ళు
వాడేసిన ఇంజనాయిలు తాగిన ట్యాంకు.
అడుగు అతుకు జానెడు చీలింది.

"స్కూలు బాయిలరుకి కావాలి.
పిల్లలు చేతితొడుగులతో లెక్కలు రాస్తున్నారు.
సాయంత్రానికి అతికేయవూ?
పదకొండేళ్ళుగా ఖాళీ,
లోపల ఏముందని కాలడానికి?"

బురుల్చా అక్క జవాబు చెప్పలేదు.
తాత పెదవి మీది సిగరెట్టు తీసి
మంచులో గుచ్చింది.

నిండు కుండ తొణకదంటారు.
ఖాళీ కుండ ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు.
అక్క ఎడమ కనుబొమ చెబుతుంది:
సగం దాకా వెంట్రుకలు,
ఆ పైన నున్నటి చర్మం.
"కడిగేశాం అన్నారు" అంటుందంతే.
ఎవరన్నారో అనదు.

మొదటి రోజంతా గోకుడు.
మూతలన్నీ తీసి, ఆరుబయట, గాలి తగిలేలా.
నేను ఇనుప గరిట అందుకుంటే లాక్కుని
పొడుగు పిడి ఉన్న చెక్క పార ఇచ్చింది.
"తల లోపలికి పెట్టావో, చెవి మెలేస్తా."
ముద్దలు ముద్దలుగా బయటికొచ్చింది నలుపు.
అందులో ఒక బోల్టు,
ఏ కాలంలోనో పడ్డ ఎలుక ఎముకలు.

ఆ పైన సలసల కాగే నీళ్ళు, సోడా,
మోచేతుల దాకా రబ్బరు.
ఆ పైన ఆవిరి.
రెండు గంటలు చాలవూ అన్నాను.
ట్యాంకు ఒంటి మీద అరచెయ్యి ఆన్చలేనంత కాగాక
ఇప్పటినుంచి లెక్కపెట్టు అంది.

రెండో పొద్దున
ఫైరు స్టేషన్నుంచి అరువు తెచ్చిన మీటరు
గొట్టం చివరన లోపలికి దింపాం.
సున్నా.
"చూశావా!" అన్నాడు తాత, పందెం గెలిచినట్టు.
నేనూ మాస్కు తొడుక్కోబోయాను.

అక్క చూసింది మీటరు కాదు, థర్మామీటరు.
మైనస్ పదిహేడు.
"చలికి అదీ ముడుచుకుని పడుకుంది" అంది.
అతుకు మీద వేడినీళ్ళు పోయించింది
బక్కెట్టు మీద బక్కెట్టు.
రేకు మీద రేకు ఎక్కిన చోట
వెంట్రుకంత సందు.
అందులోంచి నల్లటి చెమట.
మీటరులో అంకె లేచింది.
రెండు. ఐదు.
తొమ్మిది.

ఎవరమూ మాట్లాడలేదు.
తాత రెండడుగులు వెనక్కి వేసి
జేబులో అగ్గిపెట్టెని పైనుంచే తడుముకున్నాడు,
నిద్రలో ఉన్న పాముని తడిమినట్టు.

మళ్ళీ సోడా. మళ్ళీ ఆవిరి.
మూడో రోజు కూడా పోయింది.
టీచరు ఫోను చేసింది.
"ఇంకో బస్తా బొగ్గు తెప్పించుకోండి,
నా దగ్గర తొందర అమ్మను" అంది అక్క.

నాలుగో రోజు వేడిచేసినా సున్నా.
కాసేపాగి మళ్ళీ చూసినా సున్నాయే.
అయినా నమ్మలేదు.
చీలిక పైకొచ్చేలా ట్యాంకుని తిప్పించి
దానికి బెత్తెడు కిందిదాకా గోరువెచ్చని నీళ్ళు పట్టించి,
మిగిలిన చోటంతా
ఏ నిప్పుతోనూ మాట కలపని నైట్రోజన్‌తో నింపి,
పైమూత తెరిచే ఉంచింది, ఊపిరి తిరగడానికి.
"చివర్ల దగ్గర నిలబడకు.
పేలితే ముందు ఎగిరేవి అవే.
పక్కకి రా. ఇంకా."

అప్పుడు వెలిగించింది.
అంగుళం. ఆగడం. మీటరు.
అంగుళం.
ఇంత చిన్న నీలి వెలుగు కోసమా
ఇన్ని రోజుల నీళ్ళు!
జానెడు అతుకు మధ్యాహ్నం దాకా పట్టింది.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడాన్ని
అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

తాత డబ్బులిస్తూ గొణిగాడు:
"ఖాళీదానికి ఇంతా?"
అక్క రసీదులో ఖాళీ అనే మాట కొట్టేసి
పైన 'కడిగినది' అని రాసింది,
తేదీ వేసి, కింద సంతకం.

ఆ రాత్రి ఇంట్లో
టీ కెటిలు పొయ్యి మీద పెట్టబోతూ
మూత తీసి వాసన చూశాను.
అమ్మ ఒకటే నవ్వు.
నేను నవ్వలేదు.
ఇంకోసారి చూశాను.